రోగిని పరీక్షించడం, పరీక్షించింది రాయడం

నర్సు ఇంజెక్షన్ వేయడం, సెలైన్ పెట్టడం, కట్టు కట్టడం అందరూ చూస్తారు. వాటికంటే ముందు ఆమె రోగిని తల నుంచి పాదాల దాకా చూసి, తాకి, విని, లెక్కపెట్టి, కాగితం మీద రాసే పని మాత్రం పెద్దగా ఎవరి కంటా పడదు. "ఎన్నిసార్లు అడుగుతారమ్మా అవే ప్రశ్నలు?" అని బంధువులు విసుక్కోవడం వార్డులో రోజూ వినే మాటే. ఈ పాఠం ముఖ్యంగా నర్సింగ్ చదువుతున్న పిల్లల కోసం, ఏ.ఎన్.ఎం. సోదరీమణుల కోసం రాస్తున్నాను. ఇంట్లో ముసలివారిని, పసిబిడ్డలను చూసుకునేవారు చదివితే నర్సు అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ ఎందుకు అడుగుతుందో వారికీ తెలుస్తుంది.

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో ఈ పనికి ఇంకా ఎక్కువ విలువ ఉంది. ఇక్కడ జబ్బు బాగా ముదిరినవారు మొదట చేరిన ఆసుపత్రిలోనే ఉండిపోవడం తక్కువ. ధర్మవరం నుంచి బత్తలపల్లికో అనంతపురానికో, హిందూపురం నుంచి బెంగళూరుకో, పెనుకొండ నుంచి ఈ రెండు దిక్కుల్లో ఏదో ఒక దిక్కుకో తీసుకుపోతారు. హిందూపురం నుంచి బెంగళూరు 100 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అక్కడ రోగిని దించుకునే డాక్టరుకు మొదటి గంటలో ఆయన ఎలా ఉన్నాడో చెప్పగలిగేది మనం రాసి పంపిన కాగితం ఒక్కటే. వెంట వచ్చిన కొడుకు భయంలో సగం మరచిపోయి ఉంటాడు. రోగి మాట్లాడే స్థితిలో ఉండకపోవచ్చు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ మీద రాసిన పుస్తకంలో రోగిని గమనించడం గురించి ఒక అధ్యాయమే ఉంది. అప్పటికి బి.పి. చూసే మిషను లేదు, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు లేదు. ఉన్నవల్లా కన్ను, చెవి, చెయ్యి, కలం. ఇప్పుడు మిషన్లు వచ్చినా ఆ నాలుగింటి పని తగ్గలేదు.

ముందు వినడం

పరీక్ష మొదలయ్యేది స్టెతస్కోపుతో కాదు, రోగి చెప్పే మాటతో. మన ఊళ్ళలో అందులోనే ఒక చిక్కు ఉంది. హిందూపురం, మడకశిర వైపు తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసి నడుస్తాయి. ఉర్దూ మాట్లాడే అవ్వ "చక్కర్ ఉంది" అంటే తల తిరుగుతోందని అర్థం. తొందరలో ఉన్న సిస్టరు దాన్ని "చక్కెర ఉంది" అని విని షుగరు రోగి అని రాసేయగలదు. కన్నడంలో "సుస్తు" అంటే అలసట, మన తెలుగులో "సుస్తీ" అంటే జబ్బు. "ఎదె నోవు" అంటే గుండెల్లో నొప్పి. మాట తెలియకపోతే తెలిసినవారిని పిలిచి అడగాలి, లేదా "చెయ్యి పెట్టి చూపించమ్మా" అనాలి. చెయ్యి ఏ భాషలోనైనా సరిగ్గానే చూపిస్తుంది.

వీటన్నింటికంటే ప్రమాదమైన మాట "గ్యాస్". రొమ్ము మధ్యలో బరువుగా ఉన్నా, పొట్ట పైభాగంలో మంటగా ఉన్నా, వీపులో పట్టేసినా మనవాళ్ళు "గ్యాస్ పట్టింది" అంటారు. నర్సు దాన్ని "గ్యాస్ట్రిక్ నొప్పి" అని రాసిందంటే, తర్వాత చూసేవారంతా జబ్బు ఏదో తేలిపోయిందనుకుంటారు. రోగి చెప్పింది ఒక మాట, మనం రాసింది ఒక జబ్బు పేరు. ఈ రెండింటికీ మధ్య గుండెపోటు దాగి ఉండవచ్చు. అందుకే రోగి మాటను రోగి మాటగానే, కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎటు పాకుతోంది, దేనితో పెరుగుతోంది, దేనితో తగ్గుతోంది, చెమట పట్టిందా, వాంతి అయిందా అని అడిగి పక్కన చేర్చాలి. గుండెల్లో నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లోపు ఇ.సి.జి. తీయాలన్నది అన్ని చోట్లా పాటించే నియమం. కాగితం మీద "గ్యాస్" అని పడితే ఆ పది నిమిషాలు చేజారిపోతాయి.

పని గురించి కూడా అడగాలి. ధర్మవరంలో గుంట మగ్గం మీద కూర్చునే అన్నను రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటాడో అడగండి. హిందూపురం పక్క గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయే చెల్లెలిని పనివేళల్లో నీళ్ళు తాగుతుందా, మూత్రం ఆపుకుంటుందా అని అడగండి. మగవాళ్ళు పక్కన ఉంటే ఆమె చెప్పదు. తెర వేసి, బంధువులను కాసేపు బయట ఉండమని చెప్పి అడగండి.

ఎవరూ లెక్కపెట్టని అంకె

టి.పి.ఆర్. చార్టు ఏ వార్డులో తీసినా ఒక విచిత్రం కనిపిస్తుంది. జ్వరం ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది, నాడి ఒక్కో రకంగా ఉంటుంది, శ్వాస మాత్రం అందరికీ 20. న్యుమోనియా వచ్చిన తాతకూ 20, కాలు విరిగిన కుర్రాడికీ 20. అది లెక్కపెట్టిన అంకె కాదని చూడగానే తెలుస్తుంది. నన్నడిగితే మన వృత్తిలో అన్నింటికంటే పెద్ద లోటు ఇదే.

శ్వాస ఎందుకంత ముఖ్యం? రక్తంలో విషం పాకుతున్నా, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నా, షుగరు రోగికి రక్తంలో ఆమ్లం పెరుగుతున్నా, లోపల రక్తం పోతున్నా, చాలామందిలో బి.పి. పడిపోవడానికి ముందే శ్వాస వేగం పెరుగుతుంది. శరీరం ముందుగా వేసే కేక అది. ఇంగ్లండులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రవేశపెట్టి, 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక పట్టికలో శ్వాస నిమిషానికి 25 దాటకపోయినా సరే, 25 అయితే చాలు, ఆ అంశంలో అత్యధికంగా 3 మార్కులు పడతాయి. 21 నుంచి 24 వరకు 2 మార్కులు. అంటే చార్టులో మనం ఊరికే వేసే 20కీ, అసలు ఉన్న 26కీ మధ్య తేడా డాక్టరును నిద్ర లేపాలా వద్దా అన్నంత తేడా.

లెక్కపెట్టడం కష్టం కాదు. పెద్దవారికి నాడి చూసిన తర్వాత మణికట్టు వదలకుండా అలాగే పట్టుకుని, కళ్ళు మాత్రం రొమ్ము మీదికి తిప్పండి. శ్వాస చూస్తున్నామని తెలిస్తే రోగి తెలియకుండానే దాన్ని మార్చేస్తాడు. పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే ఒక్క శ్వాస తప్పినా నాలుగు తప్పుతాయి. పెద్దవారిలో 12 నుంచి 20 మామూలు. అంకె పక్కనే శ్వాస ఎలా ఉందో కూడా రాయండి: మెడ కండరాలు లాగుతున్నాయా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నారా, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారా.

పసిబిడ్డల విషయంలో ఇది తల్లులు కూడా నేర్చుకోవాలి. బిడ్డ ఏడుపు ఆపి నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని పూర్తి నిమిషం చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40 లేదా ఎక్కువ ఉంటే అది వేగమైన శ్వాస. గాలి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే ఇక ఆలస్యం చేయకూడదు. చీకటి గదిలో, దుప్పటి కప్పిన బిడ్డకు లెక్క కుదరదు. తలుపు దగ్గరికి తీసుకురండి.

బి.పి. చూడటం

కొరొట్కోవ్ అనే రష్యా డాక్టరు 1905లో చూపిన పద్ధతినే, అంటే పట్టీ బిగించి గాలి వదులుతూ శబ్దం వినడాన్నే, మనం ఇంకా వాడుతున్నాం. పద్ధతి పాతదే, తప్పులూ పాతవే. బస్సు దిగి మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే బి.పి. చూడకండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేయకుండా కూర్చోనివ్వండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. రవికె చెయ్యి పైకి మడిచి బిగించినా, బట్ట మీదనే పట్టీ చుట్టినా లెక్క తప్పుతుంది. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే లేని బి.పి. కనబడుతుంది. మన ఆసుపత్రుల్లో చాలా చోట్ల ఒక్క సైజు పట్టీయే ఉంటుంది కాబట్టి, చాలకపోతే "పట్టీ చిన్నది" అని పక్కన రాయడమైనా చేయండి. చూస్తున్నంతసేపు రోగీ మాట్లాడకూడదు, మనమూ మాట్లాడకూడదు.

అంకెను గుండ్రం చేయకండి. 138/86 ఉంటే 138/86 అనే రాయాలి, 140/90 కాదు. 140/90 దగ్గర రక్తపోటు జబ్బు అన్న గీత ఉంది కాబట్టి మన గుండ్రపు అంకె ఒక మనిషిని జీవితాంతం మాత్రల మీద పెట్టగలదు, లేదా మాత్ర కావలసిన మనిషిని ఇంటికి పంపేయగలదు. ఏ చెయ్యి, కూర్చునా పడుకునా అన్నది కూడా రాయండి. తల తిరుగుతోందన్నవారికి పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూసి రెండూ రాయండి.

మన ఒంటి రంగు మీద చూడటం

నర్సింగ్ పుస్తకాల్లో "చర్మం పాలిపోయి ఉంటుంది", "నీలి రంగుకు తిరుగుతుంది" అని ఉంటుంది. ఆ వర్ణనలు చాలావరకు తెల్లటి చర్మాన్ని చూసి రాసినవి. మన పొలాల్లో ఎండకు నల్లబడిన చేతుల మీద అవి వెతికితే దొరకవు. కింది కనురెప్ప లోపలి భాగం, నాలుక, చిగుళ్ళు, అరచేయి, అరికాలు చూడాలి. కామెర్లను కంటి తెల్లగుడ్డులో, పగటి వెలుతురులో చూడాలి. పచ్చ బల్బు కింద అందరి కళ్ళూ పచ్చగానే ఉంటాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందిలో ఉన్నప్పుడు ఒక హెచ్చరిక: చుట్టూ ఉన్న అందరూ పాలిపోయి ఉంటే మన కన్ను దానికి అలవాటుపడిపోతుంది. కన్ను అనుమానించడానికే, తేల్చడానికి హిమోగ్లోబిన్ పరీక్ష చేయాలి.

ఆక్సిజన్ మీటరు మాటకొస్తే, నల్లని చర్మం ఉన్నవారిలో అది అసలు ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధన తేల్చింది. గోళ్ళ రంగు, నల్ల గోరింటాకు, చల్లబడిన వేళ్ళు కూడా దాన్ని మోసం చేస్తాయి. మీటరు 96 చూపిస్తున్నా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి.

నోరు తెరిచి చూసినప్పుడు పళ్ళ మీద గోధుమ రంగు చారలు ఈ ప్రాంతపు పెద్దవారిలో కొత్తేమీ కాదు. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని మన దేశ ప్రమాణం. పళ్ళ మీది మచ్చలు చిన్ననాటి నీళ్ళ గుర్తు. దానితో పాటు మెడ, నడుము బిగుసుకుపోయి ఉంటే తప్పక రాయండి, తాగే నీరు ఎక్కడిదో కూడా రాయండి.

తల నుంచి పాదాల వరకు

తల నుంచి మొదలుపెట్టి పాదాల దగ్గర ముగించడం వల్ల లాభం ఒక్కటే: ఏదీ మరచిపోము. స్పృహ, కళ్ళు, నోరు, మెడ, రొమ్ము, పొట్ట, వీపు, చేతులు, కాళ్ళు. నొప్పి ఉన్నచోటును చివర తాకండి. పొట్టకు మాత్రం వరుస వేరు. ముందు చూడాలి, తర్వాత స్టెతస్కోపుతో వినాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. ముందే నొక్కితే పేగుల శబ్దం మారిపోతుంది. మంచం పట్టినవారిని పక్కకు తిప్పి నడుము కింద, మడమల వెనుక చూడకుండా పరీక్ష అయిపోయిందనుకోకండి.

తలకు దెబ్బ తగిలినవారి విషయంలో, ముఖ్యంగా పెనుకొండ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదాల్లో వచ్చేవారికి, "స్పృహలో ఉన్నారు" అన్న మాట చాలదు. గ్లాస్గో నగరంలో 1974లో తయారైన కొలమానం ప్రకారం కళ్ళు, మాట, కదలిక మూడింటికీ విడివిడిగా మార్కులు వేసి రాయండి. మొత్తం 15కు 13 అని మాత్రమే రాస్తే ఏది తగ్గిందో తెలియదు. కళ్ళు 3, మాట 4, కదలిక 6 అని రాస్తే, అరగంట తర్వాత చూసే నర్సుకు రోగి దిగజారుతున్నాడా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది.

కాళ్ళ దగ్గర కాస్త ఆగాలి. గుంట మగ్గంలో కాళ్ళు వేలాడేసి గంటల తరబడి కూర్చునేవారికి సాయంత్రానికి రెండు పాదాలూ కొంచెం వాచడం చూస్తూనే ఉంటాం. దాన్ని చూసి చూసి "మగ్గం వాపు" అని వదిలేయడం అలవాటవుతుంది. వేలితో ముంగాలి ఎముక మీద కొన్ని సెకన్లు నొక్కి, గుంట పడుతోందా, ఎంత పైవరకు పడుతోందో చూడండి. పొద్దున లేచేసరికి తగ్గుతోందా అని అడగండి. ముఖం కూడా ఉబ్బుతోందంటే కిడ్నీ గురించి, పడుకుంటే ఆయాసం వస్తోందంటే గుండె గురించి ఆలోచించాలి. ఒక కాలే వాచి, పిక్క వెచ్చగా, నొప్పిగా ఉంటే సంగతి వేరు. టేపు తీసుకోండి. మోకాలి చిప్ప కింద ముంగాలి ఎముక మీద ఉండే బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలతా తీయండి. 3 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమోనని వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆ పిక్కను నూనె పెట్టి రుద్దనివ్వకండి. టైలరు దగ్గర దొరికే మామూలు టేపు చాలు.

షుగరు ఉన్నవారి వేళ్ళ సందులు, అరికాళ్ళు చూడండి. నొప్పి తెలియని పుండును రోగి చెప్పలేడు.

రాయడం

ధర్మవరంలో మగ్గం నేసే 52 ఏళ్ళ మనిషి రాత్రి ఆసుపత్రికి వచ్చాడనుకుందాం. ఇలా రాయవచ్చు:

"రోగి గ్యాస్ నొప్పితో వచ్చారు. బి.పి. 130/80. కండిషన్ ఫెయిర్. డాక్టరుకు చెప్పడమైనది."

లేదా ఇలా రాయవచ్చు:

"రాత్రి 10.40. 'మగ్గం మీద నుంచి లేచినప్పటి నుంచి గుండె మీద బండ పెట్టినట్టుంది, గ్యాస్ అనుకొని సోడా తాగినా, రోంత కూడా తగ్గలేదు' అన్నారు. మొదలైంది సుమారు 8.30కు. ఎడమ భుజం వైపు చెయ్యి చూపించారు. నొప్పి 10కి 7 అన్నారు. ఒళ్ళు చల్లగా, చెమటగా ఉంది. నాడి 104, క్రమంగా ఉంది. శ్వాస 26, పూర్తి నిమిషం లెక్కపెట్టాను. బి.పి. కుడిచేయి, తల వైపు ఎత్తి పడుకోబెట్టి, 148/94. ఆక్సిజన్ మామూలు గాలిలో 94 శాతం. షుగరు 212. మందులు పడకపోవడం ఏమీ లేదన్నారు. 10.46 ఇ.సి.జి. తీశాం. 10.48 డ్యూటీ డాక్టరుకు ఫోను చేశాను. ఆస్పిరిన్ 300 మి.గ్రా. నమిలించమన్నారు, తిరిగి చదివి వినిపించాను. 10.50 ఇచ్చాను. 10.55 డాక్టరు వచ్చారు. 11.05 నొప్పి 10కి 5, నాడి 98, శ్వాస 24."

రెండోది రాయడానికి మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. అందులో జబ్బు పేరు ఎక్కడా లేదు. చూసింది, విన్నది, లెక్కపెట్టింది, చేసింది, చేశాక ఏమైందన్నది ఉంది. ఎన్ని గంటలకన్నది ప్రతిదానికీ ఉంది. "కండిషన్ ఫెయిర్", "కంప్లెయింట్స్ లేవు", "రాత్రి బాగా నిద్రపోయారు" లాంటివి ఎవరికీ ఏమీ చెప్పని మాటలు. "నాటకాలు ఆడుతోంది", "మొండి రోగి" లాంటివి అసలు రాయకూడదు. ఏడుస్తోందంటే ఏడుస్తోందని రాయండి, మాత్ర వద్దన్నారంటే వద్దన్నారని, ఎందుకన్నారో వారి మాటల్లోనే రాయండి.

తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ, టైము వేయండి. తెల్ల రంగు పూయడం, బ్లేడుతో గీకడం, పేజీ మార్చి రాయడం చేయకూడదు. మరచిపోయింది తర్వాత గుర్తొస్తే "ఆలస్యంగా రాసినది" అని పెట్టి, ఇప్పటి టైముతోనే రాయండి. చూడకముందే రాసిపెట్టడం, నైట్ డ్యూటీలో ఆరు గంటల రీడింగులు నాలుగింటికే వేసేయడం ఆలస్యం కంటే ఘోరం. అక్షరాల పొట్టిరూపాలు తగ్గించండి. "ఓ.డి." అంటే కొందరికి రోజుకోసారి, కంటి విభాగంలో కుడికన్ను. కంప్యూటరులో రాసే ఆసుపత్రుల్లో నిన్నటి పేరాను కాపీ చేసి ఇవాళ అతికించడం కొత్త జబ్బు. అలా చేస్తే తగ్గిపోయిన వాపు కూడా డిశ్చార్జి దాకా కాగితం మీద ఉండిపోతుంది.

వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. అప్పటినుంచి కేస్ షీటు కోర్టులో సాక్షి కూడా. అయితే భయంతో రాసే కాగితం రోగికి ఉపయోగపడదు. కుటుంబాలు తెలుసుకోవలసింది మరొకటి ఉంది: 2002 నాటి వైద్యమండలి నిబంధనల ప్రకారం రోగి గానీ, ఆయన అనుమతి ఉన్నవారు గానీ అడిగితే రికార్డు నకళ్ళు 72 గంటల్లో ఇవ్వాలి. అడగడం మర్యాద తప్పడం కాదు.

పంపేటప్పుడు

రోగిని పెద్దాసుపత్రికి పంపేటప్పుడు తొందరలో "మెరుగైన వైద్యం కోసం" అని ఒక్క వాక్యం రాసి అంబులెన్సు ఎక్కించడం జరుగుతుంటుంది. ఆ చీటీలో కనీసం ఇవి ఉండాలి: వచ్చినప్పటి రీడింగులు, బయలుదేరేటప్పటి రీడింగులు, రెండింటి టైములు, ఇచ్చిన మందులు మోతాదుతో సహా, చివర మందు ఇచ్చిన సమయం, ఏ మందు పడదు, గర్భిణి అయితే ఎన్నో నెల, ఎక్కించిన సెలైన్ ఎంత, మూత్రం వచ్చిందా లేదా. 108 సిబ్బందికి చీటీ చేతికివ్వడమే కాదు, నిలబడి నోటితో కూడా చెప్పండి. దారిలో ఏది చూస్తూ ఉండాలో చెప్పండి: "శ్వాస 28 దాటితే, పిలిస్తే పలకకపోతే" అని. ఇంటివారికి మందుల చీటీలు, పాత ఇ.సి.జి. ఒకే కవరులో పెట్టి ఇవ్వండి. మీరు రాసిన దాని కార్బన్ కాపీ కేస్ షీటులో ఉంచండి. దారిలో ఉండగా అవతలి ఆసుపత్రి నుంచి ఫోను వస్తే, డ్యూటీలో ఎవరున్నా దాన్ని చూసి సమాధానం చెప్పగలగాలి.